సముద్రం మీద ఉన్నవాడికి చెప్పని కబురు

2023లో, రంగూన్‌లో వానలు మొదలైన రోజుల్లో, ఐరోపాలోని ఒక రేవు పట్టణం నుంచి నాకు ఒక పని వచ్చింది. అప్పటికి నేను బర్మా కోర్టుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి ఉన్నాను. మా దేశంలో న్యాయవాదులు రెండు అంచెలుగా ఉంటారు. హయ్యర్ గ్రేడ్ ప్లీడర్లు కింది కోర్టుల వరకే వెళ్ళగలరు. అడ్వకేట్లు అన్ని కోర్టుల్లోనూ నిలబడి వాదించవచ్చు. నాది పై అంచె. చౌక్తడాలో, ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి మేడలో మూడో అంతస్తున నా ఆఫీసు. పౌరసత్వం, పెళ్ళి, వారసత్వం దావాలు నా బతుకుతెరువు. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, తమిళులు, పౌరసత్వపు అంతస్తును చూపే కార్డు రంగు మారక ఇబ్బంది పడే ప్రతి కుటుంబమూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లెక్కింది.

శ్రీకాకుళం తీరం నుంచి రేవులో కూలికి వచ్చినవారి సంతానం మేము. మా ముసలివాళ్ళు ఈ ఊరిని చివరిదాకా ‘రంగం’ అనే పిలిచారు. మాలో చాలామందికి ఉన్నట్టే నాకూ రెండు పేర్లు. కోర్టుకు బర్మా పేరు, ఇంటికి తెలుగు పేరు. ఇక్కడ రెండూ రాయడం లేదు. మిగిలినవారి పేర్లు మార్చాను. ఐరోపాలోని ఆ దేశమేదో కూడా చెప్పను. ఇందులోని మనుషులు ఇంకా బతికి ఉన్నారు.

నాకు వచ్చిన పనిని అక్కడి కోర్టుల్లో ‘దేశ నిపుణురాలు’ అంటారు. ఆశ్రయం అడిగిన మనిషి తన దేశంలో తనకేం జరుగుతుందో చెబుతాడు. ఆ చెప్పినదానికి అక్కడి చట్టంలో, ఆచరణలో ఆధారం ఉందా లేదా అని ఒక తటస్థురాలు రాసి ఇవ్వాలి. ఆమె ఏ పక్షమూ వహించకూడదు. పిలిచిన న్యాయవాదికి నచ్చనిది కూడా రాయాలి. నన్ను పిలిచిన న్యాయవాది పేరు హెలెన్. వలస చట్టం, మానవహక్కుల చట్టం తప్ప ఇంకో పని చేయని మనిషి. ఫోనులో మాట్లాడేటప్పుడు ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు అడిగేది. రెండోసారి అడిగినప్పుడు నా జవాబు మారుతుందేమో చూసేది. వృత్తిలో ఇది మంచి అలవాటే.

ఆమె కక్షిదారు గణేశ్ అనే యువకుడు, ఓడ నావికుడు, మా తెలుగు కుర్రవాడే. 2021 ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నప్పుడు అతను సరకు ఓడమీద ఉన్నాడు. ఉద్యోగాలు మానేసి సమ్మె చేస్తున్నవారి కోసం తోటి నావికుల దగ్గర చందాలు పోగుచేశాడు, ఆ సంగతి తన పేరుతోనే ఇంటర్నెట్‌లో పెట్టాడు. మా శిక్షాస్మృతిలో కొత్తగా చేర్చిన సెక్షన్ కింద అది నేరం. తిరిగి వస్తే విమానాశ్రయంలోనే పట్టుకుంటారని తెలిసి, ఆ రేవులో ఓడ దిగి ఆశ్రయం అడిగాడు. తొలి దర్యాప్తులో తిరస్కరించారు.

తిరస్కరణకు అధికారులు రాసిన కారణం ఇది. గణేశ్ వాళ్ళన్నయ్య అప్పన్న రంగూన్ శివారున ఉన్న లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఊరేగింపుల్లో తిరిగినందుకు అతన్ని అరెస్టు చేశారు. కొన్నాళ్ళకు విడిచిపెట్టారు. అతను సరిహద్దు వైపు వెళ్ళిపోయాడు, క్షేమంగా ఉన్నాడు. ఇదంతా గణేశే ఇంటర్వ్యూలో చెప్పాడు. వీధిలోకి దిగి పోరాడిన అన్ననే వదిలేసిన ప్రభుత్వం, దూరాన ఓడమీద చందాలెత్తిన తమ్ముణ్ణి పట్టి హింసిస్తుందంటే నమ్మలేమని వాళ్ళు రాశారు. తర్కం చూస్తే తప్పు పట్టడానికి లేదు.

ఐరోపా మానవహక్కుల ఒడంబడికలో మూడో అధికరణం ఒక్క వాక్యం. ఎవరినీ చిత్రహింస పెట్టరాదు, అమానుషంగా చూడరాదు అంటుంది. మనిషిని అలాంటిది జరిగే చోటికి పంపడం కూడా దాన్ని ఉల్లంఘించడమేనని అక్కడి న్యాయమూర్తులు ఎన్నో తీర్పుల్లో స్థిరపరిచారు. అయితే ప్రమాదం నిజమైనదని చూపించాలి. దేశమంతా అగ్గిలో ఉందని చెబితే సరిపోదు. ఈ మనిషికి, ఈ కారణంగా, ఈ ముప్పు ఉందని చూపాలి. అప్పీలు వేసిన హెలెన్ నన్ను రెండు సంగతులు అడిగింది. గణేశ్ చేసిన పనికి మా చట్టంలో ఏ శిక్ష పడుతుంది? అప్పన్నను ఏ సెక్షన్ కింద పట్టుకున్నారు, ఎలా విడిచారు? రెండోదానికి కుటుంబాన్ని కలవక తప్పదు.

తండ్రి పైడయ్య ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు వచ్చాడు. జెట్టీలో క్రేను నడిపి, వయసు మీరాక మానేసిన మనిషి. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరేదాకా కూర్చోలేదు, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నన్ను ‘సయామా’ అన్నాడు. చదువుకున్న ఆడవాళ్ళను బర్మాలో అలాగే పిలుస్తారు. నేను తెలుగులో మాట్లాడేసరికి తేలికపడ్డాడు. కానీ అప్పన్న ప్రస్తావన రాగానే మళ్ళీ బర్మా భాషలోకి వెళ్ళిపోయాడు. ఆ మార్పు నేను గమనించాను. అప్పట్లో దానికి అర్థం తెలియలేదు.

“ఇడిసిపెట్టీసినారు. సరిహద్దు కాడికి ఎల్లిపోనాడు. బాగానే ఉన్నాడట” అని చివరకు తెలుగులో అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగాను. ఎవరో అన్నాడు. ఏ జైలు నుంచి విడిచారని అడిగితే తెలియదన్నాడు. పూచీకత్తు ఎవరిచ్చారో గుర్తులేదన్నాడు. కొడుకు జైలు నుంచి వచ్చిన రోజు గుర్తులేని తండ్రిని నేను నా వృత్తిలో చూడలేదు. అయినా నా బాధ్యత ప్రకారం ఒక మాట చెప్పాను. అప్పన్నను విడిచిపెట్టారని నేను రాస్తే గణేశ్ కేసు బలహీనమవుతుంది. రాయకుండా దాచలేను. అలా దాస్తే నా అభిప్రాయం ఎందుకూ పనికిరాదు. పైడయ్య విన్నాడు. “ఆలోసించి సెప్తాను” అని దిగి వెళ్ళిపోయాడు.

తరువాతి ఆదివారం లైంగ్‌థార్యార్‌లో వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళాను. బస్సు దిగి ఫ్యాక్టరీ గోడల పక్కగా చాలాదూరం నడవాలి. ఒక గది, ముందు రేకుల పంచ. పైడయ్య భార్య నూకమ్మ టీ పెట్టి ఇచ్చింది. నేను చిన్న కొడుకు లాయరునని ఆమె అనుకుంది. పెద్ద కొడుకు గురించి తనంతట తానే చెప్పుకొచ్చింది. వాడికి చలి పడదట. సరిహద్దు కొండల్లో చలి ఎక్కువని విన్నదట. ప్రతి మంగళవారం అమ్మవారి గుడిలో వాడి పేరు మీద కొబ్బరికాయ కొడుతున్నదట. ఆమె మాట్లాడుతున్నంతసేపూ పైడయ్య పంచలో వీపు మాకేసి పెట్టి కూర్చున్నాడు.

నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి తనే వచ్చాడు. సగం దారిలో, వాన నిలిచిన గుంట దగ్గర ఆగాడు.

“అప్పన్న లేడు సయామా” అన్నాడు. “సచ్చిపోనాడు. ఇంట్లో దానికి తెల్దు. సిన్నోడికీ తెల్దు.”

తరువాత ఆయన చెప్పింది నేను వాంగ్మూలంగా రాసుకున్నాను కనుక నాకు బాగా గుర్తుంది. వార్డు అధికారి కబురుపెట్టి పిలిచాడు. అక్కడి నుంచి ఇద్దరు మనుషులు ఆయన్ని బండిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దుప్పటి కొంచెం తొలగించి ముఖం చూపించారు. మెడ కిందికి తీయనివ్వలేదు. “ముక్కు పక్కకి వొంగిపోయి ఉంది. ఆడిది ఆళ్ళమ్మ ముక్కు, తిన్నగా ఉండేది” అన్నాడు. గుండె ఆగి చనిపోయాడని రాసిన కాగితం మీద సంతకం పెట్టించారు. ఒంటిని వాళ్ళే దహనం చేశారు. చితాభస్మం ఇవ్వలేదు. ఎవరికైనా చెబితే ఇంకో కొడుకు ఉన్నాడు కదా అన్నారు.

భార్యకు ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. చెబితే ఆమె ఏడుస్తుంది. ఏడిస్తే గోడకు అవతలివాళ్ళు వింటారు. వార్డు ఆఫీసు రెండు వీధుల అవతలే. మరి గణేశ్‌కు?

“ఆడు నడిసముద్రంలో ఉన్నాడు. సముద్రం మీదున్నోడికి సావు కబురు సెప్పకూడదమ్మా. మా నాన్న కాలం నుంచీ అంతే. ఒడ్డెక్కినాక సెప్పాల. ఒడ్డెక్కినాక సెబుదామనే అనుకున్నాను. ఒడ్డెక్కి ఆడు కేంపులో పడ్డాడు. ఇంకేటి సెప్పను?”

రేవు కుటుంబాల్లో ఈ ఆచారం ఉందని నాకూ తెలుసు. కబురు విన్న మనిషి ఓడమీద ఎక్కడికీ పోలేడు, ఏడ్వడానికి చాటు ఉండదు, పని మానడానికి లేదు. రాత్రి పూట రెయిలింగ్ పక్కనే నడవాలి. అందుకని చెప్పరు. ఆ ఆచారం వల్లే గణేశ్ ఇంటర్వ్యూలో తన అన్న క్షేమమని ప్రమాణం చేసి చెప్పాడు. తండ్రి ఫోనులో చెప్పిందే అతను అధికారికి చెప్పాడు. తన కేసును తానే తెలియక కూల్చుకున్నాడు.

ఆ సంగతి నేను పైడయ్యకు విడమరిచి చెప్పవలసి వచ్చింది. ఆయన గుంట పక్కనున్న రాతి మీద కూర్చుండిపోయాడు. “అయితే నానే సేసీసినానన్నమాట” అన్నాడు. అలా కాదని అన్నాను. న్యాయవాదిగా అనవలసిన మాట అది. ఆయన తల ఊపాడు, నమ్మలేదు.

జరిగింది వాంగ్మూలంగా ఇవ్వడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. తనకేమవుతుందో అడగలేదు. ఒకటే కోరాడు. గణేశ్‌కు తెలియకుండా జడ్జి ఒక్కడికే చెప్పే వీలుందా? నేను హెలెన్‌కు రాశాను. ఆమె అదే రోజు ఫోను చేసింది. వీలు లేదంది. ఆమె కక్షిదారు పేరుతో కోర్టులో పెట్టే ప్రతి కాగితమూ కక్షిదారుకు తెలిసి ఉండాలి. అది వాళ్ళ వృత్తి నియమం, మా వృత్తి నియమం కూడా. పైగా జడ్జి గణేశ్‌ను ఎదురుగా నిలబెట్టి అన్న గురించి అడుగుతాడు. విననివాడు ఏం చెబుతాడు? హెలెన్ ఈసారి ప్రశ్నను రెండుసార్లు అడగలేదు. “ఆ మాట నేను చెప్పకూడదు. నా నోటి నుంచి వినకూడదు అతను” అంది.

పైడయ్యకు ఈ మాట చేరవేశాను. ఆయన రెండు వారాలు కనబడలేదు. అప్పీలు విచారణ దగ్గరపడుతోంది. నేను కబురుపెట్టలేదు. నిపుణురాలు సాక్షిని తొందరపెట్టకూడదు. పెట్టే హక్కు ఉన్నా పెట్టేదాన్ని కాదేమో.

తరువాత భార్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఇంట్లో చెప్పలేక ఇక్కడికి తెచ్చానన్నాడు. నా ఆఫీసు గోడలు మందం. నన్ను కూడా కూర్చోమన్నాడు. కుర్చీలో కాక నేలమీద కూర్చుని, ఆమె చేయి పట్టుకుని చెప్పాడు. ఎక్కువ మాటలు లేవు. నూకమ్మ అరుస్తుందని నేను కిటికీ మూశాను. ఆమె అరవలేదు. “ఏ రోజు?” అని అడిగింది.

చెప్పాడు. ఆమె వేళ్ళ మీద నెలలు వెనక్కి లెక్కపెట్టుకుంది.

“ఆ రోజు ఎదురింటి పిల్ల బారసాల. నాను ఎల్లినాను” అంది. “మిఠాయి తిన్నాను. పాట కూడా పాడినాను. నువ్వు నన్ను పాడనిచ్చినావు.”

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. “ఇన్ని మంగళవారాలు ఎవుడికి కొట్టినాను కొబ్బరికాయ?” అంది. ఆ ప్రశ్న మొగుడికి వేసిందో అమ్మవారికి వేసిందో నాకు తెలియదు. నేను ఆ కేసుకు సంబంధించి ఎన్నో మాటలు ఇంగ్లీషులోకి తర్జుమా చేశాను. నూకమ్మ అన్న ఈ రెండు మాటలనూ చేయలేదు. వాటికి సాక్ష్యంగా విలువ లేదు.

ఏడుపు తరువాత వచ్చింది. వచ్చాక చాలాసేపు ఆగలేదు. పక్క గదిలో ఉన్న ప్లీడరు ఒకాయన, బర్మా మనిషి, ఏమీ అడగకుండా తన కక్షిదారులను కిందకు తీసుకెళ్ళి టీకొట్టులో కూర్చోబెట్టాడు.

లేచేముందు నూకమ్మ ఒక షరతు పెట్టింది. చిన్నవాడికి చెప్పేముందు పెద్దవాడికి కర్మ జరగాలి. ఒళ్ళు లేదు, భస్మం లేదు. దర్భలతో బొమ్మ చేసి జరిపించవచ్చని ఊళ్ళోనే ఉన్న లత టౌన్‌షిప్‌లోని మా పంతులు చెప్పాడు. వీధిలో తెలియకుండా అమావాస్య నాడు పెద్దలకు పెట్టుకుంటున్నట్టు నలుగురితో కానిచ్చారు. నేనూ వెళ్ళాను. తమ్ముడు చేయవలసిన చోట తండ్రి చేశాడు.

గణేశ్‌కు వీడియో ఫోను నా ఆఫీసు నుంచే. కరెంటు ఉండే వేళ చూసుకుని, వాళ్ళకు పొద్దున, మాకు మధ్యాహ్నం. అటువైపు హెలెన్ ఆఫీసులో గణేశ్, పక్కన బర్మా దుబాసీ ఒకామె. తండ్రి తెలుగులో మొదలుపెట్టగానే దుబాసీ తనకు అర్థం కాదని చేయి ఎత్తింది. హెలెన్ ఆమెను తీసుకుని బయటకు వెళ్ళిపోయింది. తలుపు మూసుకోవడం తెరమీద కనబడింది.

గణేశ్ విన్నాక తెరమీద అతని ముఖం కదలలేదు. లైను తెగిపోయిందనుకున్నాను. అతని చొక్కా కదులుతున్నందువల్ల తెగలేదని తెలిసింది.

“అమ్మకి తెలుసా?” అన్నాడు.

తల్లి ముందుకు వచ్చి, తెలుసని చెప్పింది.

“ఎప్పుడు తెలిసింది?”

“మొన్ననే బాబూ.”

“అయితే ఇద్దరమూ ఒకేలాగ మోసపోనాం” అన్నాడు. తండ్రి కేసి చూడలేదు. “నాను ఆళ్ళ ముందు సెయ్యెత్తి సెప్పినాను నాన్నా, అన్న బాగున్నాడని. ఓత్ తీసుకుని సెప్పినాను.” తరువాత బర్మా భాషలో ఇంకేదో అన్నాడు. అది ఇక్కడ రాయను. ఒక కొడుకు తండ్రితో అనగూడని మాట. కాసేపటికి తెర దగ్గరకు వంగి, “సూడనిచ్చినారా నిన్ను?” అని అడిగాడు. చూడనిచ్చారని పైడయ్య చెప్పాడు. ముక్కు సంగతి చెప్పలేదు. వాంగ్మూలంలో అది ఉంది, గణేశ్ దాన్ని తరువాత చదివే ఉంటాడు.

ఇక కోర్టు పని. కక్షిదారు మొదట ఒకటి చెప్పి, అప్పీల్లో దానికి విరుద్ధమైనది చెబితే ఆశ్రయ కేసుల్లో దానికి పెద్ద పేరే ఉంది. విశ్వసనీయత దెబ్బతినడం అంటారు. ముప్పులోంచి బయటపడటానికి కథ పెంచాడని అనుమానిస్తారు. ఆ అనుమానం చాలాసార్లు సరైనదే కావడం వల్ల, సరికాని చోట కూడా అది నిలుస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి హెలెన్ మూడు పత్రాలు పెట్టింది. పైడయ్య వాంగ్మూలం, గణేశ్ సవరణ ప్రకటన, నా అభిప్రాయం. నా అభిప్రాయంలో కస్టడీ మరణాల్లో కుటుంబాలకు పత్రాలు ఇవ్వని ఆచరణ గురించి, రేవు కుటుంబాల్లో సముద్రం మీద ఉన్నవారికి మరణవార్త చెప్పని ఆచారం గురించి రాశాను. నా పేరు, లైసెన్సు వివరాలు వేసి సంతకం చేశాను. పేరు లేని నిపుణురాలి మాటకు అక్కడి కోర్టులో బరువుండదు. ఆ సంతకం సంగతి ఇక్కడి అధికారులకు చేరవచ్చు కనుక, ఆ తరువాత మా కోర్టుల్లో నేను వకాల్తాలు తీసుకోవడం తగ్గించాను, మరుసటి ఏడాది లైసెన్సు పునరుద్ధరించుకోలేదు.

విచారణ రోజు పైడయ్య మా ఆఫీసులో ఉతికిన చొక్కా వేసుకుని, కెమెరా ముందు కూర్చున్నాడు. నేను నిపుణురాలిని కనుక దుబాసీ పని చేయకూడదు, సాక్షి పక్కన కూడా ఉండకూడదు. గది అవతల నిలబడి విన్నాను. కోర్టు పెట్టిన దుబాసీకి తెలుగు రాదు కనుక ఆయన బర్మా భాషలో సాక్ష్యం ఇవ్వవలసి వచ్చింది. కొడుకు సంగతి వచ్చినప్పుడల్లా మాట వెతుక్కున్నాడు.

ప్రభుత్వం తరఫు న్యాయవాది మర్యాదస్థుడు. గొంతు పెంచలేదు. రెండేళ్ళపాటు సొంత కొడుక్కి అబద్ధం చెప్పిన మనిషిని ఈ కోర్టు ఇప్పుడు ఎందుకు నమ్మాలని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. హెలెన్ దీనికి ఆయన్ని సిద్ధం చేయాలనుకుంది కానీ సాక్షికి జవాబులు నేర్పడం తప్పు కనుక చేయలేదు.

పైడయ్య చెప్పిన జవాబు ఇది: “అప్పుడు ఈ కొడుకు బతకాలని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఈ కొడుకు బతకాలని నిజం చెబుతున్నాను.”

బయట ఎవరైనా ఈ మాట వింటే కళ్ళు తుడుచుకుంటారు. నేను గోడకు ఆనుకుని నిలబడి, కేసు పోయిందనుకున్నాను. తన కొడుకు బతకడానికి ఏదైనా చెబుతానని సాక్షి తన నోటితోనే ఒప్పుకున్నట్టు కోర్టు దాన్ని రాసుకుంటుంది. అలాగే రాసుకుంది.

అప్పీలు కొట్టేశారు. తీర్పులో అప్పన్న మరణం గురించి ఒక పేరా ఉంది. ఆలస్యంగా, కేసుకు అనువైన సమయంలో బయటకు వచ్చినందున, పత్రాల ఆధారం లేనందున, అది నిజమని కోర్టు అంగీకరించలేదు. నేను చెప్పిన ఆచారం ఉండవచ్చునని, ఇక్కడ దాన్నే పాటించారని మాత్రం రుజువు కాలేదని రాశారు. నా పేరు ముందు ‘గౌరవనీయ’ అని చేర్చారు.

గణేశ్‌ను విమానం ఎక్కించే తేదీ నిర్ణయించారు. అప్పుడు హెలెన్ చివరి తలుపు తట్టింది. ఐరోపా దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఒక మానవహక్కుల కోర్టు ఉంది. మనిషికి సరిదిద్దలేని హాని జరిగే అవకాశం ఉంటే, కేసు పూర్తిగా వినేదాకా పంపవద్దని అది మధ్యంతర ఆదేశం ఇవ్వగలదు. ఆదేశం వచ్చింది. అది తీర్పు కాదు, ఆపు మాత్రమే. గణేశ్‌ను పంపలేరు, అలాగని ఉండనిచ్చినట్టూ కాదు. పని చేయడానికి అనుమతి లేదు. కేంపు గదిలో పగలంతా పడుకుని ఉంటున్నాడని హెలెన్ రాసింది. తండ్రితో మాట్లాడటం మానేశాడు. తల్లితో మాట్లాడేవాడు, అదీ క్లుప్తంగా.

2024 ఫిబ్రవరిలో మా దేశంలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమలులోకి తెచ్చారు. గణేశ్ వయసు వాళ్ళందరూ దాని కిందికి వస్తారు. హెలెన్ కొత్త కారణం చూపి మళ్ళీ దరఖాస్తు పెట్టింది. తిరిగి వస్తే బలవంతంగా సైన్యంలో చేర్చి, సొంత జనం మీదికే పంపుతారు. ఈసారి ఇంటర్వ్యూ చిన్నది. అన్న గురించి ఎవరూ అడగలేదు. కొన్ని నెలల్లో ఆశ్రయం ఇచ్చారు. ఇక అవసరం లేదు కనుక ఆ ఉమ్మడి కోర్టులో కేసు మూసేశారు.

ఆ కబురు చెప్పడానికి నేను లైంగ్‌థార్యార్ వెళ్ళాను. నూకమ్మ ఇంట్లో లేదు, గుడికి వెళ్ళిందన్నారు. పైడయ్యకు పంచలో కూర్చుని అంతా వివరించాను. గణేశ్‌ను ఇక పంపరు. పని చేసుకోవచ్చు. కొంతకాలానికి తల్లిదండ్రులను పిలిపించుకోవడానికి అడగవచ్చు, పెద్దవాళ్ళ విషయంలో ఆ దారి చాలా ఇరుకని కూడా చెప్పాను. ఆయన చేతులు జోడించాడు. తరువాత అడిగాడు.

“మరి అప్పన్న సంగతి, సయామా? ఆ కాగితంలో ఏటి రాసినారు?”

కొత్త ఉత్తర్వులో అతని ప్రస్తావన లేదని చెప్పాను.

“పాతదాన్లో?”

నిజం చెప్పాను. రుజువు కాలేదని ఉంది.

“అంటే ఆళ్ళ లెక్కలో మావోడు సచ్చిపోలేదు.”

చట్టప్రకారం అలా కాదని, కోర్టు బతికి ఉన్నాడనీ అనలేదని, రుజువు కాలేదని మాత్రమే అన్నదని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“ఇక్కడోళ్ళేమో గుండాగి పోనాడన్నారు. అక్కడోళ్ళేమో తెల్దన్నారు. నా కొడుకుని కొట్టి సంపీసినారని రాసిన కాగితం ఈ బూమ్మీద ఎక్కడా లేదన్నమాట” అన్నాడు. తన వాంగ్మూలం ఉందని గుర్తుచేశాను. అది నమ్మలేదు కదా అన్నాడు.

బయలుదేరేటప్పుడు గణేశ్ ఫోను చేస్తున్నాడా అని అడిగాను. వాళ్ళమ్మకు చేస్తాడన్నాడు. ఆమె ఫోనును బిగ్గరగా పెడుతుందట, ఈయన పక్కన కూర్చుని వినడానికి. కొడుక్కి తెలుసునో లేదో తెలియదట. ఈయన మాట్లాడడు.

నేను పని విరమించి ఇప్పటికి కొంతకాలమైంది. వలస చట్టంలోకి కొత్తగా వస్తున్న యువ న్యాయవాదులు అప్పుడప్పుడు సాక్ష్యం ఎలా సేకరించాలని అడుగుతుంటారు. ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది వాళ్ళకు చెబుతాను. ఆశ్రయ న్యాయస్థానం ఒక మనిషిని పంపాలా వద్దా అన్నది మాత్రమే తేలుస్తుంది. అంతకు ముందు జరిగినదానికి అది సాక్షి కాదు, సాక్షిగా ఉండమని దాన్ని ఎవరూ నియమించలేదు. కేసు గెలిచాక కూడా చనిపోయినవాడి మరణం నమోదు కాకుండా మిగిలిపోవచ్చు. కనుక కుటుంబాన్ని నోరు విప్పమని అడిగేముందే ఈ మాట వాళ్ళకు స్పష్టంగా చెప్పాలి. విన్న తరువాత కూడా వాళ్ళు చెబుతామంటే రాసుకోవాలి. చెప్పబోమంటే లేచి వచ్చేయాలి.